యాంటీఫోలేట్ మందులు

యాంటీఫోలేట్లు (ఫోలేట్ విరోధులు) అనగా జీవకణములో ఫోలిక్ ఆమ్లము చేయవలసిన పనికి అడ్డుపడే ఔషధములు. వీటిలో రెండు పెద్ద తెగలు కలవు. సల్ఫా మందులు, ట్రైమెథోప్రిమ్ వంటివి బాక్టీరియాను అణచుటకు వాడబడుచున్నవి. మెథోట్రెక్సేట్, పెమెట్రెక్సెడ్ వంటివి క్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నవి. మలేరియాకు వాడే పైరిమెథమైన్ కూడా ఈ కుటుంబమునకు చెందినదే. గొంతు నొప్పికి కారణమైన సూక్ష్మజీవికీ, పసిపిల్లలకు వచ్చే రక్త క్యాన్సరుకూ ఒకే విటమిను చుట్టూ మందులు దొరకడం ఔషధ రసాయన శాస్త్రములో ఒక విశేషము. ఈ రెండు తెగల మందులు ఒకే మార్గమును మూసివేసినా, రోగి శరీరముపై వాటి ప్రభావము ఒకటి కాదు. ఆ తేడా ఎక్కడినుండి వచ్చినదో తెలిస్తే కొత్త మందుల కోసం రసాయనికులు దేనిని వెదకుచున్నారో బోధపడుతుంది. క్యాన్సరు తెగకు మూలపురుషుడని చెప్పదగిన అమైనాప్టెరిన్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగములో తయారైనది.

ఫోలేట్ చేసే పని

ఫోలిక్ ఆమ్లము బి-విటమినులలో ఒకటి (బి9). దీని అణువులో మూడు ముక్కలున్నవి. మొదటిది నత్రజనితో కూడిన రెండు వలయముల టెరిడీన్, రెండవది పారా అమైనో బెంజోయిక్ ఆమ్లము (పాబా), మూడవది గ్లూటామిక్ ఆమ్లము. శరీరములో ఇది హైడ్రోజనును చేర్చుకొని టెట్రాహైడ్రోఫోలేట్‌గా మారిన తరువాతే పనికి వస్తుంది. దాని పని ఒక్క కార్బను పరమాణువును ఒక చోట ఎత్తుకొని మరొక చోట దింపడం. పని చిన్నదిగా కనబడినా, డి.ఎన్.ఏ. తయారీకి కావలసిన థైమిన్ ఈ కార్బను లేనిదే పుట్టదు. అడినిన్, గ్వానిన్‌ల వలయములకు కూడా ఈ దారినే కార్బను అందుతుంది. కనుక ఫోలేట్ ఆగిపోతే కణము బ్రతికి ఉండవచ్చును గాని రెండుగా విభజన చెందలేదు.

థైమిన్ తయారైన ప్రతిసారీ టెట్రాహైడ్రోఫోలేట్ తన హైడ్రోజనును కోల్పోయి డైహైడ్రోఫోలేట్‌గా మిగిలిపోతుంది. దానిని తిరిగి పనికివచ్చే రూపములోనికి తెచ్చే ఎంజైము పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. ఇది మనుషులలోనూ ఉన్నది, బాక్టీరియాలోనూ ఉన్నది.

ఇక అసలు తేడా ఇది. మనిషి శరీరము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసుకొనలేదు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, కాలేయము వంటి ఆహారము నుండి గ్రహించవలసినదే. చాలా జాతుల బాక్టీరియా ఇందుకు పూర్తిగా విరుద్ధము. అవి పాబాను టెరిడీన్ ముక్కతో అతికించి ఫోలేట్‌ను స్వయంగా తయారుచేసుకొంటాయి. బయట ఎంత ఉన్నా లోనికి తీసుకొనే దారి వాటికి లేదు. ఆ అతికే పనిని చేసే ఎంజైము డైహైడ్రోటెరోయేట్ సింథేజ్. ఈ ఎంజైము మనిషిలో అసలు లేదు. లేనిదానికి మందు వలన హాని కలుగదు గదా!

సల్ఫా మందులు

సల్ఫా మందులు కనుగొనబడినప్పుడు పై సంగతులేవీ ఎవరికీ తెలియవు. 1932లో జర్మనీలోని బాయర్ సంస్థలో జోసెఫ్ క్లారర్ అనే రసాయనికుడు ఒక ఎర్రని అద్దకపు రంగును తయారుచేయగా, గెర్హార్డ్ డోమాక్ దానిని స్ట్రెప్టోకోకస్ సోకిన ఎలుకలపై పరీక్షించాడు. ఎలుకలు బ్రతికినవి. ప్రాంటోసిల్ అనే పేరుతో వెలువడిన ఈ మందు వివరములు 1935లో ప్రచురించబడినవి. విచిత్రమేమనగా ఎలుకలను బ్రతికించిన మందు గాజుపాత్రలోని బాక్టీరియాను ఏమీ చేయలేకపోయినది. పారిస్ లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు అదే సంవత్సరము ఈ చిక్కును విప్పారు. శరీరములో ప్రాంటోసిల్ రెండు ముక్కలవుతుంది. రంగు ఉన్న ముక్కతో పని లేదు, రంగు లేని సల్ఫనిలమైడ్ ముక్కయే అసలు మందు. సల్ఫనిలమైడ్ అంతకు చాలా కాలము క్రిందటే తెలిసిన పదార్థము కనుక ఎవరైనా తయారుచేసి అమ్ముకొనే వీలు కలిగినది. డోమాక్‌కు 1939లో నోబెల్ బహుమతి ప్రకటించబడినది. నాజీ ప్రభుత్వము అడ్డుపడినందున ఆయన దానిని నిరాకరించవలసి వచ్చినది; 1947లో పతకము మాత్రము అందుకొన్నాడు.

ఈ మందు ఎందుకు పనిచేయుచున్నదో 1940లో ఇంగ్లండులో డి. డి. వుడ్స్ చూపించాడు. పాబాను కొద్దిగా చేర్చగానే సల్ఫనిలమైడ్ ప్రభావము అంతరించినది. ఈ రెండు అణువులు ఆకారములో కవలలవలె ఉంటాయి. ఒకదాని చివర కార్బాక్సిల్ సమూహము ఉన్న చోట రెండవదానికి సల్ఫనమైడ్ సమూహము ఉన్నది. ఎంజైము మోసపోయి పాబాకు బదులు సల్ఫా మందును పట్టుకొంటుంది. కణమునకు అవసరమైన పదార్థము యొక్క నకలును చూపి కణమును ఆకలితో మాడ్చవచ్చుననే భావన ఇక్కడ నుండే బలపడినది. ఇటువంటి నకళ్ళకు యాంటీమెటబొలైట్లు అని పేరు. చీముపట్టిన పుండులో సల్ఫా మందులు సరిగా పనిచేయకపోవడానికి కారణము కూడా ఇదే. చచ్చిన కణముల నుండి పాబా, థైమిడిన్ వెలువడి బాక్టీరియాకు సిద్ధాన్నమువలె అందుతాయి.

ఫోలిక్ ఆమ్లము దొరికిన విధము

1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకము తీవ్ర రక్తహీనత ఈస్టు సారముతో నయమగుచున్నదని ప్రచురించింది. ఆ సారములోని గుణము చాలా కాలము 'విల్స్ ఫ్యాక్టర్' అనే పేరుతోనే చెల్లినది. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయములో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు నాలుగు టన్నుల పాలకూర నుండి అదే పదార్థమును చాలా కొద్ది మోతాదులో వేరుచేసి, ఆకు అనే అర్థము గల లాటిన్ పదము నుండి ఫోలిక్ ఆమ్లము అని పేరుపెట్టారు. టన్నుల కొద్దీ కూర ఉడకబెట్టి రోగులకు మందు ఇవ్వడం సాధ్యమయ్యే పని కాదు. ప్రయోగశాలలో సంశ్లేషణ చేయవలసినదే.

ఆ పని న్యూయార్క్ రాష్ట్రము పెర్ల్ రివర్ లోని లెడర్లీ పరిశోధనశాలలో 1945లో పూర్తి అయినది. సుబ్బారావు 1940లో హార్వర్డ్ విడిచి అక్కడ చేరాడు, తరువాత పరిశోధన విభాగమునకు సంచాలకుడైనాడు. ఫోలిక్ ఆమ్లముపై ఆయన పట్టుదలకు ఇంటి కారణము కూడా చెబుతారు. యౌవనములో ఆయన సోదరులను బలితీసుకొన్న వ్యాధి స్ప్రూ అని అంటారు. ఉష్ణదేశపు స్ప్రూకు ఫోలిక్ ఆమ్లము మంచి మందు. ఇదే పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ తెగకు మొదటి మందుగా 1948లో వెలువడినది. ఒకే సంచాలకుని క్రింద, కొద్ది సంవత్సరములలో, ఒక క్యాన్సరు మందుల తెగ, ఒక యాంటీబయాటిక్ తెగ రెండూ మొదలుకావడం అరుదు.

అమైనాప్టెరిన్, మెథోట్రెక్సేట్

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో వ్యాధి నిర్ధారణ శాస్త్రజ్ఞుడైన సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సరు (లుకీమియా) ఉన్న పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లమునకు దగ్గరి పదార్థములను ఇచ్చి చూశాడు. ఎముక మజ్జలో వ్యాధి తగ్గకపోగా మరింత వేగముగా పెరుగుచున్నదని ఆయనకు తోచినది. నేటి నియమముల ప్రకారము అటువంటి ప్రయోగమునకు అనుమతి దొరకడం కష్టము. కాని దాని నుండి ఆయన తీసిన నిర్ణయము సరియైనది: ఫోలేట్ పోషించునదైతే, ఫోలేట్ విరోధి అణచవలెను. లెడర్లీలో డోరిస్ సీగర్ తయారుచేసిన అమైనాప్టెరిన్‌ను 1947 చివరలో ఫార్బర్ వాడడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ప్రచురించిన పత్రములో 16 మంది పిల్లలకు మందు ఇవ్వగా 10 మందిలో గుణము కనిపించినదని వ్రాశాడు. ఆ గుణము నిలిచినది కాదు, కొన్ని వారములో నెలలో మాత్రమే. అయినా అంతవరకు వారములలో ప్రాణము తీసే ఆ వ్యాధి ఒక రసాయనమునకు వెనుకడుగు వేయడం అదే మొదలు. పత్రము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53వ ఏట మరణించాడు.

ఫోలిక్ ఆమ్లమునకు, అమైనాప్టెరిన్‌కు మధ్య రసాయనికముగా ఉన్న తేడా చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. టెరిడీన్ వలయములో నాలుగవ స్థానమున ఉన్న ఆక్సిజనును తీసి అమైనో సమూహమును పెట్టారు, అంతే. ఫోలిక్ ఆమ్లము అణుభారము 441, అమైనాప్టెరిన్‌ది 440. మరొక నత్రజనిపై ఒక మిథైల్ సమూహమును చేర్చితే మెథోట్రెక్సేట్ అవుతుంది (454). ఈ చిన్న మార్పు వలన వలయము యొక్క క్షార గుణము పెరిగి, రిడక్టేజ్ ఎంజైము గర్భములోని ఒక ఆమ్ల సమూహముతో గట్టిగా బంధించబడుతుంది. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైమును దాదాపు వదలకుండా పట్టుకొంటుంది. 1977లో డేవిడ్ మాథ్యూస్ బృందము ఎక్స్-కిరణములతో ఈ జంట స్ఫటికమును పరిశీలించినప్పుడు, అందరూ ఊహించినట్లు కాక వలయము సహజ ఫోలేట్ కూర్చొనే తీరుకు తలక్రిందులుగా కూర్చున్నదని తేలినది. అప్పటికి ఈ మందు ముప్పది ఏండ్లుగా వాడుకలో ఉన్నది! మందు ముందు, దాని వివరణ తరువాత అన్న క్రమము ఔషధ చరిత్రలో తరచుగా కనబడుతుంది.

మెథోట్రెక్సేట్ అమైనాప్టెరిన్ కంటె కొంత భద్రమైనదని తేలి 1950లలో దాని స్థానమును ఆక్రమించినది. 1951లో జేన్ రైట్ రొమ్ము క్యాన్సరులో దాని ప్రభావమును చూపించింది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనువారు గర్భమావి నుండి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరును ఈ మందుతో పూర్తిగా నయము చేశారు. గడ్డరూపములో ఉండే క్యాన్సరు మందుతో మాత్రమే నయమగుట అదే మొదటిసారి. కంటికి కనిపించే గడ్డలు మాయమైన తరువాత కూడా, రక్తములో ఆ కణములు విడుదలచేసే హార్మోను పూర్తిగా పోయేవరకు లీ మందు ఇస్తూనే ఉన్నాడు. అనవసరముగా విషము ఎక్కించుచున్నాడని ఆయనను ఆ ఉద్యోగము నుండి తప్పించారు. ముందుగా మందు ఆపిన రోగులకు వ్యాధి తిరుగబెట్టగా, లీ చికిత్స చేసినవారు నిలిచారు. 1972లో ఆయన లాస్కర్ బహుమతి గ్రహీతలలో ఒకడైనాడు. హార్మోను జాడ పోయేవరకు చికిత్స ఆపరాదన్న పద్ధతి ఇప్పుడు సర్వసామాన్యము.

క్యాన్సరు కణము పరాయిది కాదు, మనిషి కణమే. దాని రిడక్టేజ్ ఎంజైమూ మన ఎంజైమే. కనుక మెథోట్రెక్సేట్ వేగముగా విభజన చెందే ప్రతి కణమును దెబ్బతీస్తుంది. ఎముక మజ్జ, నోటిలోని పొర, పేగు లోపలి పొర ముందుగా దెబ్బతింటాయి. నోటిపూత, తెల్లకణములు తగ్గుట అందువలననే. 1970లలో ఒక ఉపాయము వాడుకలోనికి వచ్చినది. ఎముక క్యాన్సరు వంటి వాటికి చాలా పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కించి, కొన్ని గంటల తరువాత ల్యూకోవోరిన్ ఇస్తారు. ఇది హైడ్రోజనును ముందే చేర్చుకొన్న ఫోలేట్ కనుక రిడక్టేజ్‌తో పని లేకుండా ఆరోగ్యవంతమైన కణములను కాపాడుతుంది. ఆలస్యమైతే రోగి బ్రతుకడు. తొందరపడితే క్యాన్సరు బ్రతుకుతుంది. అందుకే ఈ చికిత్సలో రక్తములోని మందు పరిమాణమును పదేపదే కొలుస్తారు.

ట్రైమెథోప్రిమ్

సల్ఫా మందులకు మనిషిలో లేని ఎంజైము దొరికినది. మరి ఇద్దరిలోనూ ఉన్న రిడక్టేజ్‌ను బాక్టీరియాలో మాత్రమే అడ్డగించుట సాధ్యమా? ఈ ప్రశ్నకు జవాబు న్యూయార్క్ వద్ద టకాహోలోని బరోస్ వెల్‌కమ్ పరిశోధనశాలలో జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియాన్, వారి సహచరులు చేసిన పనిలో దొరికినది. వారు పిరిమిడీన్ వలయమునకు రెండు అమైనో సమూహములను ఉంచి, మిగిలిన భాగమును మార్చుచూ వందలాది పదార్థములను పరీక్షించారు. ఒక రకము మార్పు మలేరియా పరాన్నజీవికి సరిపడినది, అది పైరిమెథమైన్. మూడు మిథాక్సీ సమూహములు గల బెంజైల్ ముక్కను తగిలించినది బాక్టీరియాకు సరిపడినది, అది ట్రైమెథోప్రిమ్.

రెండు ఎంజైములు ఒకే పని చేసినా వాటి నిర్మాణములో అమైనో ఆమ్లముల వరుస చాలావరకు వేరు. ట్రైమెథోప్రిమ్ బాక్టీరియా ఎంజైమును మనిషి ఎంజైము కంటె పదివేల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ఒకే తాళము వలె కనబడే రెండు తాళములలో ఒకదానికే సరిపడే చెవిని చెక్కిన పనితనమిది. మెథోట్రెక్సేట్‌కు ఈ విచక్షణ లేదు. పైగా దాని గ్లూటామిక్ ఆమ్లపు తోక వలన అది బాక్టీరియా లోపలికి సులువుగా పోలేదు.

సల్ఫామెథోక్సజోల్ ఐదు పాళ్ళు, ట్రైమెథోప్రిమ్ ఒక పాలు కలిపిన మందు 1968లో బ్రిటన్‌లో విడుదలైనది. దీనిని కో-ట్రైమోక్సజోల్ అంటారు. మన దేశములో సెప్ట్రాన్, బాక్ట్రిమ్ అనే పేర్లతో చాలా ఇళ్ళలో పరిచితమైనది. ఒకే దారిలో రెండు చోట్ల అడ్డుకట్ట వేయడం దీనిలోని కిటుకు. హెచ్.ఐ.వి. ఉన్నవారిని న్యూమోసిస్టిస్ న్యుమోనియా నుండి కాపాడుటకు కూడా దీనిని వాడుచున్నారు. హిచింగ్స్, ఎలియాన్‌లు 1988లో జేమ్స్ బ్లాక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు.

మందుకు లొంగని కణములు

బాక్టీరియా ఈ మందులను తప్పించుకొనే ఉపాయము నేర్చినది. మందు పట్టుకొనలేని వేరొక రకము సింథేజ్‌నో, రిడక్టేజ్‌నో తయారుచేసే జన్యువులు ప్లాస్మిడ్‌లపై ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేరుతాయి. ట్రైమెథోప్రిమ్ వాడుకలోనికి వచ్చిన కొద్ది సంవత్సరములకే, 1970ల తొలినాళ్ళలో, ఇటువంటి ప్లాస్మిడ్‌లు కనబడినవి. ఎంటెరోకోకస్ వంటి కొన్ని జాతులు మాత్రము బయటి ఫోలేట్‌ను వాడుకొనగలవు గనుక వాటిపై ఈ మందుల బలము తక్కువ.

క్యాన్సరు కణము దారి వేరు. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందము, మెథోట్రెక్సేట్‌కు లొంగని కణములలో రిడక్టేజ్ జన్యువు ఒకటికి బదులు అనేక ప్రతులుగా పెరిగిపోయినదని కనుగొన్నది. మందు అణువులన్నిటినీ పట్టుకొన్న తరువాత కూడా పనిచేసే ఎంజైము మిగిలి ఉండేటట్లు కణము దానిని కుప్పలుగా తయారుచేయుచున్నదన్నమాట. మరికొన్ని కణములు మందును లోనికి తెచ్చే వాహక ప్రోటీనునే తగ్గించుకొంటాయి.

తరువాతి అణువులు

సీతాకోకచిలుక రెక్కల రంగులకు కారణమైన పదార్థములు టెరిడీన్ తెగకు చెందినవి. గ్రీకులో రెక్క అనే మాట నుండే ఆ పేరు వచ్చినది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ టేలర్ ఆ రంగులపై ఆసక్తితో ఈ రంగములోనికి వచ్చి, ఎలి లిల్లీ సంస్థతో కలిసి పెమెట్రెక్సెడ్‌ను రూపొందించాడు. ఇది ఒక ఎంజైమును గాక ఫోలేట్‌తో పనిచేసే కనీసము మూడింటిని అడ్డగిస్తుంది. ఆస్బెస్టాస్ ధూళి వలన ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమాకు 2004లో అమెరికాలో అనుమతి పొందినది. తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరులో ఒక రకమునకు విస్తారముగా వాడబడుచున్నది. మొదటి పరీక్షలలో కొందరు రోగులకు విషప్రభావము మితిమీరినది. వారిలో ఫోలేట్, బి12 కొరత ఉన్నట్లు గుర్తించి, అప్పటి నుండి పెమెట్రెక్సెడ్‌తో పాటు ఆ రెండు విటమినులను తప్పనిసరిగా ఇస్తున్నారు. విటమినుకు విరోధిని ఇచ్చుచూ విటమినును కూడా ఇవ్వడం వింతగా తోచవచ్చును గాని, దీనివలన మందు బలము తగ్గక విషము మాత్రము తగ్గినది. ఈ మందుపై వచ్చిన ఆదాయముతో ప్రిన్స్‌టన్‌లో కొత్త రసాయన శాస్త్ర భవనము వెలసి 2010లో తెరువబడినది. 2009లో ప్రలాట్రెక్సేట్ అనే మరొక యాంటీఫోలేట్ ఒక రకము లింఫోమాకు అనుమతి పొందినది.

ఇంకొక ఆలోచన ఫోలేట్‌ను అడ్డగించక వాడుకొనడం. అండాశయ క్యాన్సరులో చాలా కణములు తమ పైపొరపై ఫోలేట్ గ్రాహకములను మెండుగా ఉంచుకొంటాయి. ఆ గ్రాహకమును గుర్తుపట్టే ప్రతిరక్షకమునకు విషమును తగిలించిన మిర్వెటుక్సిమాబ్ సొరావ్‌టాన్సిన్‌కు 2022లో అమెరికాలో త్వరిత అనుమతి, 2024లో పూర్తి అనుమతి లభించినవి. మామూలు కణముకూ క్యాన్సరు కణముకూ ఎంజైములో దొరకని తేడాను పైపొరలో వెదకిన ప్రయత్నమిది.

బాక్టీరియా వైపు ఇంత చురుకు కనబడదు. ట్రైమెథోప్రిమ్‌కు లొంగని వాటిని కూడా అణచవలెనని రూపొందించిన ఐక్లాప్రిమ్ అనే మందు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వద్ద 2009లో ఒకసారి, 2019లో మరొకసారి తిరస్కరించబడినది. యాంటీబయాటిక్‌ను రోగి కొద్ది రోజులు మాత్రమే వాడుతాడు, కొత్తదైతే వైద్యులు దాచి ఉంచుతారు. అందువలన పెద్ద సంస్థలు ఈ పరిశోధనపై డబ్బు పెట్టుటకు వెనుకాడుచున్నవి. అణువు రూపకల్పన కంటె ఇదే పెద్ద అడ్డంకి అని చెప్పవచ్చును.

వాడుకలో జాగ్రత్తలు

కీళ్ళవాతము, సోరియాసిస్ వంటి వ్యాధులకు మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరు మోతాదులో చాలా చిన్న వంతుగా వాడుచున్నారు. అమెరికాలో కీళ్ళవాతమునకు 1988లో అనుమతి లభించినది. ఈ వ్యాధులలో దీనిని వారమునకు ఒక్కసారి మాత్రమే తీసుకొనవలెను. ఇతర మాత్రలవలె ప్రతిదినము మ్రింగి మరణించినవారు పలు దేశములలో ఉన్నారు. చీటీపై వారములో ఏ రోజో వ్రాయించుకొనడం మంచిది. వైద్యులు సాధారణముగా వేరొక రోజున ఫోలిక్ ఆమ్లము మాత్ర కూడా ఇస్తారు. మెథోట్రెక్సేట్ గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేయును గనుక గర్భిణులు ఈ వ్యాధులకు దీనిని వాడరాదు. మెథోట్రెక్సేట్ వాడుచున్నవారికి కో-ట్రైమోక్సజోల్ ఇవ్వరాదు. రెండూ ఒకే దారిని మూసివేయుట వలన ఎముక మజ్జలో రక్తకణముల తయారీ ఆగిపోయే ప్రమాదము కలదు.